రెండు చెంబుల పాదు

రోజు 1

బుడంకాయా,

ఈ పుస్తకం పచ్చదనం ఆఫీసువాళ్ళు ఇచ్చారు. రోజూ మొక్కకి ఎన్ని నీళ్ళు పోసిందీ, ఏం పని చేసిందీ ఇందులో రాయాలట. ఎవరికి రాయాలో మాత్రం చెప్పలేదు. రెండో క్లాసుతో బడి మానేసిన నేను జన్మలో ఎవరికన్నా రాశానంటే నీకే రాశాను. నువ్వు పడవ ఎక్కే ప్రతి పొద్దునా నీ బిళ్ళల డబ్బా మూత మీద సుద్దముక్కతో "తిను" అని రాసేదాన్ని. అంతకంటే పెద్ద రాత ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

సంగతి ఏమిటంటే, మన వసారా పోయేలా ఉంది.

మేడంతా నోటీసులు అంటించారు. కరెంటు చాలడం లేదట. వాడకంలో లేని వసారాలన్నిటికీ ఎండ పలకలు బిగించి మూసేస్తారట. ఉంచుకోవాలనుకునేవాళ్ళు తొంభయ్యో రోజుకల్లా వసారాని చూడముచ్చటగా అలంకరించి, పచ్చటి మొక్క పెంచి చూపించాలట. పన్నెండో అంతస్తులో ఈ ఎనిమిదడుగుల వసారాలో నిలబడితేనే కదా నువ్వు వెళ్ళిన నీళ్ళ దారి కనపడేది. నువ్వు పోయి రెండేళ్ళయినా పొద్దున్నే నా కాళ్ళు అటే పోతాయి. పలకలు బిగించేస్తే ఇక నేను గోడని చూసుకుంటూ కూర్చోవాలి. అందుకని ఇవ్వను.

ఆఫీసుకి వెళ్ళాను. మొక్క పేరేమిటని మిషను అడిగింది. ఆనప పాదు అన్నాను. కాసేపు వెతుక్కుని, నిషేధం జాబితాలో లేదు, అలంకారపు తీగగా రాసుకున్నాను, రోజుకి రెండు చెంబుల నీళ్ళు అంది. నాకే ఆశ్చర్యం వేసింది. ఈ మేడల్లో తినే మొక్క వేయకూడదని చంటిపిల్లలకి కూడా తెలుసు. లంకలు మునిగిపోయి మనల్నందరినీ ఇక్కడికి ఎక్కించిన కొత్తలో, కూరమొక్కల నీళ్ళ కోసం జనం తలలు పగలగొట్టుకున్నారు. అప్పటి నుంచీ అందరికీ తిండి అంటే నాచు బిళ్ళలే, మొక్కలు కంటికి మాత్రమే. మరి ఆనపకి ఎలా ఒప్పుకుందో. రూలు మారిందేమో, మిషను కంటే నాకెక్కువ తెలుసా అనుకుని కాగితం పుచ్చుకుని వచ్చేశాను.

విత్తనం ఎక్కడిదో నీకు తెలుసు.

రోజు 2

ఇవాళ పని ఏమీ చేయలేదు. ఎండు ఆనపబుర్రని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మునిగిన ఊళ్ళలో పనికొచ్చే సామాను ఏరుకొచ్చే పడవలో నువ్వు పనికి కుదిరాక, ఇంటికి ఏదో ఒకటి తెచ్చేదానివి. రంగు పెంకులు తెచ్చావు, గాజు ముక్కలు తెచ్చావు, మట్టికుండ తెచ్చావు. అన్నిటికంటే చివర తెచ్చింది ఈ బుర్ర. ఎవరి ఇంటి అటకో ఇంకా నీళ్ళ పైనే ఉందట, దాని దూలానికి వేలాడుతోందట. నా చెవి దగ్గర పెట్టి ఊపావు. "అమ్మా, లోపల ఎవరో ఉన్నారే" అన్నావు.

తరవాతి వారం వెళ్ళిన పడవ తిరిగి రాలేదు.

రెండేళ్ళుగా పొద్దున్నే దీన్ని ఒకసారి ఊపి, ఆ గలగల విని, అప్పుడు మొహం కడుక్కుంటున్నాను. విత్తనాలు కావాలంటే దీన్ని పగలగొట్టాలి. చెయ్యి రావడం లేదు.

రోజు 4

పక్కింటి ఓబులేసు వచ్చాడు. వాళ్ళది కొండల కిందటి ఎర్రనేల. నీళ్ళు అక్కడిదాకా రాలేదు గానీ వానలే మానేశాయి, అందుకని ఈ మేడకి చేరాడు. ఒక్కడే ఉంటాడు. నన్ను ఏదో ఒకటి అనకపోతే అతనికి పొద్దుపోదు. నేను సుత్తి పక్కన పెట్టుకుని కూర్చోవడం చూసి, ఏందక్కా, ఆ బుర్ర నీకేం బాకీ పడింది అన్నాడు. సంగతి చెప్పాను. నవ్వడం మానేశాడు. లోపలికి వెళ్ళి ఇనుప రంపం బ్లేడు తెచ్చి ఇచ్చాడు. పగలగొడితే ముక్కలవుతుంది, నడుము చుట్టూ కోస్తే రెండు దీపం బుడ్డీలవుతాయి, పారేసేది ఏమీ ఉండదు అన్నాడు.

అలాగే కోశాను. సాయంత్రం అయింది. లోపల విత్తనాలు బోలెడున్నాయి. నీళ్ళలో వేస్తే చాలా వరకు తేలిపోయాయి, అవి తాలు. పదకొండు మునిగాయి.

గలగల లేకుండా ఇల్లు ఎలాగో ఉంది. ఆ పదకొండు విత్తనాలనీ నీ పాత బిళ్ళల డబ్బాలో వేసి ఊపి చూశాను. అదే చప్పుడు కాదు. కానీ చప్పుడే.

రోజు 7

మట్టి ఎక్కడ తేవాలి? ఈ మేడలో అన్నీ గచ్చులే. మూడు రోజులు ఆలోచించాను, మూడు రోజులూ నీ మంచం వైపు చూడకుండా ఆలోచించాను. నీది కొబ్బరిపీచు పరుపు.

ఇవాళ విప్పాను. కుట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీశాను. నీ తల ఆన్చే చోట పీచు గుంట పడి ఉంది. పీచుని నానబెట్టి, బిళ్ళల కేంద్రంలో పారబోసే నాచు పిప్పి రెండు గోనెలు అడిగి తెచ్చి, పగిలిన ఇటుకలు నూరి, మూడూ కలిపాను. నేల మట్టిలాగే ముద్ద కట్టింది. వాసన చూశాను. లంక వాసన రాలేదు. వస్తుందిలే.

రోజు 9

అడుగు చిట్లిన స్నానాల తొట్టె ఒకటి మెట్ల కింద పడేసి ఉంటే ఓబులేసూ నేనూ మోసుకొచ్చాం. బయటి వైపు సున్నంతో ముగ్గు వేశాను. అడుగున పెంకు ముక్కలు, పైన మట్టి. పదకొండు విత్తనాలూ నానబెట్టి పెట్టాను. రెండు చెంబులు.

రోజు 13

రెండు చెంబులు. ఏమీ లేదు. ఊరికే కూర్చోలేక నేల పని మొదలుపెట్టాను. నువ్వు తెచ్చిన రంగు పెంకులూ గాజుముక్కలూ ఇన్నాళ్ళూ మూట కట్టి ఉంచాను. సున్నంలో ఇటుక పొడి కలిపి వసారా నేల మీద ఒక మూల నుంచి పొదుగుతూ వస్తున్నాను. కొలతా లేదు, బొమ్మా లేదు. నువ్వు ఏ వరసలో తెచ్చావో గుర్తున్నంత మటుకు ఆ వరసలో.

రోజు 18

వచ్చాయే! రెండు వచ్చాయి. విత్తనం తొక్కని టోపీలాగ నెత్తిన పెట్టుకుని వచ్చాయి.

రోజు 21

రెంటిలో ఒకటి కుళ్ళిపోయింది. నేను తడి ఎక్కువ చేశాను. ఒక్కటి మిగిలింది. రెండు చెంబులూ ఒకేసారి పోయడం లేదు, పొద్దున్న ఒకటి, పొద్దు వాలాక ఒకటి.

రోజు 33

తీగ నా భుజం ఎత్తు దాటింది. చేపల వాళ్ళు పారేసిన వల తెచ్చి, పైకప్పు కొక్కేలకి కట్టి పందిరి చేశాను. చిరుగులకి నీ పాత ఓణీ పీలికలు ముడి వేస్తే అవే పువ్వుల్లా ఉన్నాయి. నాలుగు రోజుల కిందట, పందిరి అందుకోగానే తీగ తల తుంచేశాను. ఓబులేసు గగ్గోలు పెట్టాడు, ఉన్న ఒక్క మొక్క తలా నరికితివే అన్నాడు. తల తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి, కాపు వాటికే అని మా అమ్మ చేసేది. నేనూ అలాగే చేశాను. అతను ఇవాళ వచ్చి చూసి, పక్క కొమ్మలు లెక్కపెట్టి వెళ్ళిపోయాడు.

రోజు 45

మొదటి పువ్వు. తెల్లగా, పొద్దుగూకే వేళ విచ్చుకుంది. గుమ్మంలో నిలబడి చూశాను. నీకు జడలో పెట్టినట్టు ఉంది.

ఓబులేసుని పిలిచి చూపించాను. అతను పువ్వు చూశాడు, ఆకు వెనక్కి తిప్పి చూశాడు, నా మొహం చూశాడు. అప్పుడు అన్న మాట ఇది.

"అక్కా, ఇది సొర కదా?"

ఎండు బుర్రనీ లేత తీగనీ చూసి పోల్చుకోలేదట, పువ్వు చూశాకే తెలిసిందట. సొర ఏమిటి, ఆనప అన్నాను. మా తట్టు దీన్ని సొరక్కాయంటారు, ఆనప అని ఎవరన్నా అంటే మావోళ్ళు నవ్వుతారు అన్నాడు. మా లంకల్లో సొర అంటే చేప, మీవాళ్ళు చేపని పందిరి ఎక్కిస్తారా అన్నాను. కాసేపు అలా ఒకరినొకరు వెక్కిరించుకున్నాం. తరవాత అతను నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ గోడకి అంటించిన నిషేధం జాబితా వేలు పెట్టి చదివి వినిపించాడు. పదిహేడో పేరు సొర.

రూలు మారలేదే బుడంకాయా. జాబితా రాసినవాళ్ళు ఎవరో సొర అనే తట్టువాళ్ళు. మన మాట వాళ్ళకి తెలియదు, మిషనుకీ తెలియదు.

రోజు 46

రెండు చెంబులు.

పొద్దున్న పీకేద్దామని తొట్టె దగ్గర కూర్చుని పాదు మొదలు పట్టుకున్నాను. నీ పరుపు పీచులోకి పాదు వేళ్ళు దిగి ఉన్నాయి. చెయ్యి తీసేశాను.

ఓబులేసు అంటాడు, నోరు మూసుకుని ఉండక్కా, కాగితంలో ఆనప అని ఉంది, అది అబద్ధం కాదు కదా అని. అబద్ధం కాదు. కానీ నాకు తెలిశాక కూడా వాళ్ళకి తెలియనివ్వకపోతే అది ఏమవుతుంది?

నీ పడవ తనిఖీ పుస్తకం నాకు చూపించారు. నువ్వు వెళ్ళిన రోజు పేజీలో "బాగుంది" అని రాసి ఉంది. పడవ అడుగు చూడకుండానే ఎవరో రాసేశారు. ఒక్క మాట. ఆ మాటని నమ్మి ఆరుగురు ఎక్కారు.

అందుకని నేను ఇలా అనుకున్నాను. ఇప్పుడే వెళ్ళి చెబితే పిందె కూడా చూడకుండా పీకిస్తారు. తొంభయ్యో రోజు వాళ్ళే వస్తారు, అప్పుడు నా నోటితో చెబుతాను. ఈ పుస్తకం ఎలాగూ వాళ్ళకే ఇవ్వాలి కాబట్టి ఇక్కడ రాస్తే దాచినట్టు కాదు. ఆ రోజు దాకా ఒక్క చెంబు కూడా తప్పు రాయను. చెప్పేదాకా దీని కాయ ఒక్క ముక్క కూడా తినను.

రోజు 52

పిందె వేసిన ఆడపువ్వులు మూడు వచ్చాయి, మూడూ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. పన్నెండో అంతస్తుకి పురుగూ రాదు, తేనెటీగా రాదు. లంకల్లో ఈ బాధ మాకు తెలియదు, పాదు పెడితే కాసేది.

రోజు 53

ఓబులేసుకి చెబితే, వాళ్ళ అవ్వ పువ్వులకి పెళ్ళి చేసేదట. నవ్వులాటకి అంటున్నాడనుకున్నాను. కాదట. మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, లోపలి పొడిని ఆడపువ్వు నడిమధ్యన రుద్దాలట. పొద్దుగూకినప్పుడే, పువ్వు తాజాగా ఉండగానే.

సాయంత్రం ఇద్దరం ముక్కాలిపీట ఎక్కి ఆ పని చేశాం. అంటే నేను ఎక్కాను, అతను కింద నిలబడి పెళ్ళిపెద్దలాగ మాటలు. మగపెళ్ళివారికి తొందరెక్కువ, నిదానంగా కానీ అక్కా అంటాడు. పీట కదిలితే నీ పెళ్ళి ఇక్కడే చేస్తాను తమ్ముడూ అన్నాను. రెండు పువ్వులకి చేశాం.

రెండేళ్ళలో ఇవాళే గట్టిగా నవ్వాను. రాసుకుంటున్నాను, నీకు తెలియాలని.

రోజు 57

నిలబడ్డాయి! రెండూ నిలబడ్డాయి. పిందె నా బొటనవేలంత ఉంది, ఒంటినిండా నూగు. నువ్వు పుట్టినప్పుడు నీ వీపు మీద ఇలాగే ఉండేది.

రోజు 63

ఎండ మండిపోతోంది. ఆకులన్నీ వడిలి గుడ్డల్లా వేలాడుతున్నాయి. రెండు చెంబులు చాలడం లేదు. నేను కిందికి బిళ్ళలు తెచ్చుకోవడానికి వెళ్ళి వచ్చేసరికి తొట్టె తడిగా ఉంది. ఓబులేసు తను తాగే నీళ్ళలోంచి ఒక చెంబు పోశాడు. చూడలేకపోయాను అక్కా అన్నాడు. నేను కోప్పడ్డాను. ఈ రోజు లెక్క మూడు చెంబులు. రాస్తున్నాను. నన్నెందుకు రాస్తావు పుస్తకంలో అని అతను మొహం ముడుచుకున్నాడు.

రోజు 64

ఒక్క చెంబే పోశాను, నిన్నటి దానికి సరి.

రాత్రి అంతా ఆలోచిస్తే నువ్వు తెచ్చిన మట్టికుండ గుర్తొచ్చింది. అది కారుతుందని నేను విసుక్కునేదాన్ని. కారడమే కావాలిప్పుడు. దాన్ని తొట్టె మధ్యలో మెడ దాకా పాతేశాను. నీళ్ళు పైన పోయకుండా కుండలో పోసి మూత పెట్టాను. మట్టి మీద పాత చీర ముక్కలు పరిచాను. ఎండకి ఎగిరిపోకుండా చెమ్మ కొంచెం కొంచెంగా వేళ్ళకే చేరుతుంది.

రోజు 66

రెండు చెంబులు. ఒక్క ఆకు కూడా వడలలేదు. నీ కుండే కాపాడింది. పందిరి కమ్ముకున్నాక గది ఎంత చల్లబడిందంటే ఫ్యాను వేసుకోవడం మానేశాను.

రోజు 71

మొదటి కాయ మూరెడు ఉంది, లేత. గోరు గుచ్చితే నీరు ఊరేలా ఉంది. ఓబులేసు రోజూ వచ్చి దాని కింద నిలబడి పైకి చూస్తున్నాడు. కూరగాయ తిని అతనికి ఎనిమిదేళ్ళయింది. ముదిరిపోతాది అక్కా, పాపం తగులుతుంది అంటాడు. ముదరనీ, విత్తనానికి పనికొస్తుంది, నేను అన్న మాట అన్నదే అన్నాను. నీ మాట కూరొండుకుని తిను అని వెళ్ళిపోయాడు. అలిగాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు, పువ్వులకి పెళ్ళి చేయాలి కదా.

రోజు 84

నేల పొదగడం అయిపోయింది. గుమ్మం దగ్గర చివరి ముక్కగా నీ పచ్చ గాజు ముక్క పెట్టాను. ఆనపబుర్ర రెండు సగాలకీ కాల్చిన మేకుతో చిల్లులు పెట్టి లోపల దీపాలు అమర్చాను. వెలిగిస్తే గోడంతా చుక్కలు. కొత్తగా కొన్నది ఒక్కటీ లేదు. పందిరికి అయిదు కాయలు వేలాడుతున్నాయి.

రోజు 90

జరిగింది జరిగినట్టు రాస్తాను. రెండు చెంబులు పొద్దున్నే పోసేశాను, తరవాత ఏమవుతుందో తెలియక.

పచ్చదనం ఆఫీసు నుంచి వకుళ గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, మాట తక్కువ మనిషి. చెప్పులు బయట విడిచి వచ్చారు, నేల చూసి. ఆ నేల మీద వంగి చాలాసేపు చూశారు. ఎవరు వేశారని అడిగారు. ముక్కలు మా అమ్మాయి తెచ్చింది, అతకడం నేను అన్నాను. దీపాలు చూశారు. బాగున్నాయన్నారు. అప్పుడు తల ఎత్తి పందిరి చూశారు. కాయలు చూశారు.

మొక్కల్ని గుర్తుపట్టే మిషను పలక ఒకటి ఆవిడ చేతిలో ఉంది, దాన్ని ఆకు దగ్గర పెట్టారు. అది వెంటనే చెప్పేసింది. సొర, నిషేధం, పదిహేడు.

వకుళ గారు నా కాగితం తీసి చూశారు. ఇందులో ఆనప అని ఉంది, పలక సొర అంటోంది, పేరులో తేడా వస్తే అదే అంతస్తు మనిషి ఒకరు సాక్ష్యం చెప్పాలి, వాళ్ళు ఏ పేరు చెబితే అది రాసుకుంటాను అన్నారు. ఓబులేసు గుమ్మంలోనే ఉన్నాడు. ఆనప అంటే ఈ నలభై అయిదు రోజులుగా నవ్వే మనిషి. అతని నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు.

అతను గొంతు సవరించుకున్నాడు. చేదు మందు మింగినట్టు మొహం పెట్టాడు.

"ఆనప, మేడం. మా తట్టు గూడా ఆనపే అంటారు. సొర అంటే ఏందో మాకు తెల్దు."

వకుళ గారు రాసుకోబోయారు. ఒక్క మాట రాసేస్తే వసారా నాది. పాదు నాది. చూడకుండా రాసేసిన ఇంకో మాట నా కళ్ళ ముందు కనపడింది, తనిఖీ పుస్తకంలోది.

"ఆగండమ్మా," అన్నాను. "ఆనపేనండి. సొర కూడా అదేనండి. ఓబులేసు నా కోసం ఒక పేరు చెప్పాడు, రెండోది నేను చెబుతున్నాను. నాకు తెలిసి నలభై అయిదు రోజులైంది. ఇది తినే కాయే. మేము మాత్రం తినలేదు. అన్నీ ఇందులో రాశాను."

ఈ పుస్తకం ఆవిడ చేతిలో పెట్టేస్తున్నాను. ఆవిడ వసారాలో నిలబడి, రాయడం పూర్తి చేయమన్నారు, అందుకే ఇంత గబగబా రాస్తున్నాను. తీర్పు వచ్చేదాకా నీళ్ళు పోసుకోవచ్చట, కాయలు కోయకూడదట. ఓబులేసు నాతో మాట్లాడడం లేదు.

రోజు 100

పుస్తకం ఇవాళ తిరిగి వచ్చింది. మధ్యలో పది రోజులూ చెంబులు గోడ మీద సుద్దతో గీసుకున్నాను. రోజుకి రెండు గీతలు, మొత్తం ఇరవై.

ఓబులేసు అయిదో రోజు మాట్లాడాడు. నా జన్మలో మొదటిసారి ఆనప అంటే దాన్ని నిమిషంలో బూడిదలో పోసితివే అక్కా అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

పొద్దున్న వకుళ గారే స్వయంగా వచ్చారు. చెప్పులు బయట విడిచారు. కూర్చోమంటే నేల మీదే కూర్చున్నారు. మేడలకి రూళ్ళు పెట్టే మండలిలో మూడు రోజులు వాదన జరిగిందట. తినే మొక్కలు ఎందుకు ఆపామని ఆవిడ అడిగారట. నీళ్ళ కోసం. మరి ఈ మనిషి పూలమొక్క వాటాలోనే అయిదు కాయలు కాయించింది కదా అన్నారట. పుస్తకంలో ఏదైనా రాసుకోవచ్చు అని ఒకాయన అన్నాడట. అప్పుడు ఆవిడ అరవై మూడో రోజు పేజీ చదివి వినిపించారట.

"ఆ మూడో చెంబు సంగతి మీ నీళ్ళ మీటరుకి తెలియదు," అన్నారు నాతో. "మీరు రాయకపోతే ఎవరికీ తెలియదు. అది చదివాక మిగతా ఎనభై తొమ్మిది రోజులూ నమ్మకుండా ఎలా ఉంటాం?"

ఓబులేసు గుమ్మంలోంచి, అయితే గెలిపించింది నా చెంబేనా అన్నాడు. వకుళ గారు మొదటిసారి నవ్వారు.

కరెంటు సంగతి కూడా చూశారట. పందిరి వేశాక మన ఇంట్లో ఫ్యాను తిరగడం లేదని వాళ్ళ లెక్కల్లోనే ఉందట. పలకలు బిగిస్తే ఎంత వస్తుందో, నీడ వల్ల దాదాపు అంత మిగులుతోందట.

ఇక తీర్పు విను బుడంకాయా. నిషేధం జాబితా తీసేశారు. పేర్లు లేవిక. రోజుకి రెండు చెంబుల్లో బతికే మొక్క ఏదైనా, ఎవరి వసారాలోనైనా పెట్టుకోవచ్చు. పాదు ఉన్న వసారాకీ, పెడతామన్న వసారాకీ పలకలు బిగించరు.

మన వసారా మనదే. నువ్వు వెళ్ళిన దారి నాదే.

రోజు 101

వండాను!

మొదటి కాయ విత్తనానికి ఉంచేశాను, అది ఎలాగూ గట్టిపడింది. రోజూ పెళ్ళిళ్ళు చేశాం కాబట్టి తరవాత వేసిన పిందెలు ఉన్నాయి, అందులో లేతది కోశాను. నీళ్ళు కాచుకునే పొయ్యి మీదే, ముక్కలు చేసి ఉప్పు వేసి మూత పెట్టాను. వాసనకి అంతస్తు అంతా తలుపులు తెరుచుకున్నాయి. ఇంటికో నాలుగు ముక్కలు పంచాను. కొందరు నిలబడే తిన్నారు. కొందరు ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా కళ్ళు మూసుకున్నారు.

ఓబులేసు గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి ఉప్పు తక్కువైంది అన్నాడు. గిన్నె మళ్ళీ చాపాడు.

నీ డబ్బాలో నీ వాటా పెట్టాను. కాసేపుంచి నేను తిన్నాను. తీపిగా ఉందే.

రోజు 148

విత్తనం కాయ పందిరి మీదే ఎండింది. పచ్చరంగు పోయి, గోధుమరంగు వచ్చి, బరువు తగ్గిపోయింది. పొద్దున్న కోశాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

బుడంకాయా, లోపల ఎవరో ఉన్నారే.

రోజు 150

ఓబులేసు బ్లేడుతోనే కోశాం. మునిగిన విత్తనాలు రెండు వందల పన్నెండు. మన మేడలో ఉన్న ఇళ్ళు నూట తొంభై. ఇంటికొకటి ఇచ్చినా ఇంకా మిగులుతాయి, పక్క మేడవాళ్ళు అప్పుడే వచ్చి అడిగి వెళ్ళారు.

ఓబులేసు తన వసారాకి పేరు రాయించుకోవడానికి వెళ్ళాడు. మిషను ఇప్పుడు రెండు పేర్లూ నేర్చుకుందట. సొర అంటే, ఆనపా అని తిరిగి అడిగిందట. మిషను గూడా మీ లంకది అయిపోయింది అక్కా అని తిట్టుకుంటూ వచ్చాడు.

వకుళ గారు ఈ పుస్తకానికి కాపీలు తీయిస్తారట, ప్రతి విత్తనం పొట్లంతో పాటు ఒకటి ఇస్తారట. పీచు ఎలా కలపాలో, తల ఎప్పుడు తుంచాలో, పువ్వులకి పెళ్ళి ఎలా చేయాలో అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా అన్నారు. రాతలో తప్పులున్నాయండి అన్నాను. చూశాను, దిద్దలేదు అన్నారు. మా అమ్మాయి మాటలు కూడా ఉన్నాయండి, తీసేస్తారా అని అడిగాను. మీరు తీసేయమంటే తీసేస్తానన్నారు. ఉండనివ్వమన్నాను. నీ పరుపు లేకపోతే మట్టి లేదు, నీ కుండ లేకపోతే కాయ లేదు, నువ్వు ఆ అటక ఎక్కకపోతే విత్తనమే లేదు. నీ పేరు లేకుండా ఎలా ఇస్తాను? అందరూ తెలుసుకోనీ. దాని పేరు తాయారు. నేను బుడంకాయ అని పిలిచేదాన్ని. పంతొమ్మిదేళ్ళు.

ఇవాళ పొద్దున్న కూడా వసారాలో నిలబడ్డాను. నీళ్ళ దారి ఆకుల మధ్య నుంచి ముక్కలు ముక్కలుగా కనపడింది. ఎదుటి మేడలో ఎవరో అప్పుడే పాత వల కడుతున్నారు.

పొట్లాలు ఇప్పుడు కడుతున్నాను. ప్రతి పొట్లం మీదా సుద్దతో ఒక మాట రాస్తున్నాను, నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే. సుద్ద చెరిగిపోతే పోతుందని ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఇది ఎవరి చేతికి వచ్చిందో మీరెవరో నాకు తెలియదు. విత్తనం పెట్టండి, కాయ వస్తుంది. వేళకి కూర్చుని, కడుపునిండా తినండి.